మసిబూజు ఆకలి

మా నాన్న ముప్పై ఏళ్లు పొగని దాచిపెట్టి ఇల్లు గడిపాడు. నేను అదే పొగని ఒక బూజుకి మేతగా వేసి పేరు తెచ్చుకుందామనుకున్నాను. మా ఇద్దరి దారులూ వేరని నేను చాలా గట్టిగా నమ్మేదాన్ని.

నాన్న పేరు దేవదానం. విజయవాడ ఆటోనగర్‌లో ఉత్త దేవదానం అంటే ఎవరికీ తెలియదు. పంపు దేవదానం అంటే మాత్రం చెయ్యి పట్టుకుని షెడ్డు దాకా తీసుకొచ్చి వదులుతారు. డీజిల్ ఇంజన్‌లో ఏ సిలిండర్‌కి ఎంత డీజిల్, ఏ క్షణాన అందాలో చూసుకునేది పంపే. నాన్న స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వింటాడు. తరవాత ఆయన ఏ రోగం చెబితే ఆ రోగమే ఉంటుంది.

ఆయనకి ఇంకో విద్య కూడా ఉంది. పొల్యూషన్ చెక్‌కి ముందు రోజు లారీలు మా షెడ్డు ముందు బారులు తీరేవి. నాన్న పంపు స్క్రూ ఒక పావు తిప్పు బిగించేవాడు. ఇంజన్‌కి డీజిల్ తగ్గేది, పొగ పలచబడేది, సర్టిఫికెట్ చేతికొచ్చేది. మర్నాడు అవే లారీలు మళ్లీ వచ్చేవి. ఆ సెట్టింగుతో లోడు బండి ఫ్లైఓవర్ కూడా ఎక్కదు మరి. నాన్న స్క్రూ వదులు చేసి పంపేవాడు. అది మోసమని ఆయనకి ఏనాడూ తోచలేదు. పెళ్లిచూపులకి పోయేవాడు గడ్డం గీసుకోడా అనేవాడు. కాలేజీ రోజుల్లో ఈ గడ్డం గురించి నేను ఆయనతో పోట్లాడని ఆదివారం లేదు. చర్చి నుంచి ఇంటికి వచ్చేలోపే మొదలయ్యేది.

కెమికల్ ఇంజనీరింగ్ చదివి నేను డాక్టర్ ఇందుమతి గారి ల్యాబ్‌లో చేరాను. ల్యాబ్ అంటే కానూరు దగ్గర ఒక అద్దె గోడౌను, అందులో ఒక టెస్ట్ ఇంజను, నలుగురు మనుషులు. మేడం బందరులో మూతబడ్డ ఒక ఐస్ ఫ్యాక్టరీకి ఏదో పనిమీద వెళ్లి, అక్కడి జనరేటర్ పొగగొట్టం లోపల లేతాకుపచ్చగా పెరుగుతున్న బూజుని చూశారు. ఇరవై ఏళ్లు మసి తప్ప మరేమీ లేని గొట్టంలో అది ఏం తిని బతికిందని ఆమెకి సందేహం వచ్చింది. అది మసినే తింటోందని తేల్చడానికి ఏడాది పట్టింది. దానికి పెట్టిన శాస్త్రీయ నామం నోరు తిరగనిది. ఆటోనగర్ దానికి మసిబూజు అని పేరు పెట్టేసింది, మేమూ అలాగే పిలవడం మొదలుపెట్టాం.

కొబ్బరి పీచు పొరల మీద ఈ బూజుని పెంచి, ఒక స్టీలు డబ్బాలో అమర్చి, లారీ సైలెన్సర్‌కి వెనక తగిలించాం. ముందు ఒక గొట్టాల చుట్ట పొగని చల్లార్చి లోపలికి వదులుతుంది. పీచుకి అంటుకున్న మసిని బూజు తీరిగ్గా తింటుంది. కడుపు నిండితే లేతాకుపచ్చగా ఉండి, దట్టంగా పెరిగి ఇంకా ఎక్కువ తింటుంది. ఎక్కువైతే ఊపిరాడక నల్లబడుతుంది.

కొత్త లారీలన్నీ బ్యాటరీల మీద నడిచే రోజులివి. పాత డీజిల్ లారీలు మాత్రం ఒకటికి నాలుగుసార్లు ఇంజను విప్పించుకుని ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే వాటి మీద బతికేవాళ్లు కొత్తవి కొనలేరు. వచ్చే ఏప్రిల్‌కి వాటన్నిటినీ తుక్కు కొట్టాలని ప్రభుత్వం తేల్చేసింది. ఒక్క మినహాయింపు ఇచ్చింది. పొగని మీటరు మీద ఇరవై లోపుకి దించే సాధనం ఏదైనా రుజువైతే, అది తగిలించుకున్న బండ్లు మరో పదేళ్లు తిరగొచ్చు. మా డబ్బా గెలిస్తే ఆటోనగర్‌లో సగం షెడ్లు నిలబడతాయి. ఓడిపోతే పాత లారీలు, వాటి డ్రైవర్లు, పంపు పని తప్ప మరొకటి తెలియని మా నాన్న, అందరూ ఒకేసారి రోడ్డున పడతారు.

పన్నెండు లారీలు, తొంభై రోజుల ట్రయల్. లారీల వాళ్లు మా ల్యాబ్‌ని నమ్మలేదు, నాన్నని నమ్మారు. అందుకని డబ్బాలు ఆయన షెడ్డులోనే బిగించాం. మొదటి నెల చివరికి పొగ అరవై నుంచి ముప్పై నాలుగుకి దిగింది. అరవయ్యో రోజున మేమే మీటరు పెట్టి చూశాం. పన్నెండు లారీల్లోనూ పదికి అటూ ఇటూ వచ్చింది. ఇందుమతి మేడం మీటరుని రెండుసార్లు మార్చి చూశారు. తరవాత ఆ లెక్కలు ట్రయల్‌ని చూసే ప్రభుత్వ కమిటీకి పంపేసి, బందరు లడ్డు తెప్పించి మా అందరి నోళ్లలో స్వయంగా పెట్టారు. వచ్చే గురువారం కమిటీ వస్తుందని కబురొచ్చింది.

మర్నాడు నేను బూజు నమూనా కోసం డ్రైవర్ కరీముల్లా లారీ దగ్గరికి వెళ్లాను. కరీముల్లా కొండపల్లి నుంచి బూడిద ఇటుకలు తోలుతాడు. డబ్బా విప్పేసరికి లోపల ఆకుపచ్చ లేదు, నలుపూ లేదు. బూజంతా సున్నం రాలినట్టు తెల్లగా రాలిపోయింది. చచ్చిపోయింది.

"ఈ డబ్బా పెట్టాక బండి లాగట్లేదు కెజియమ్మా," అన్నాడు కరీముల్లా, నా మొహం చూడకుండానే. "మొదట్లో బానే ఉంది. ఓ పది రోజుల్నుంచి మెడలో గుదిబండ కట్టినట్టుంది. కొండపల్లి ఎత్తు దగ్గర ఫస్ట్ గేర్లో కూడా మొరాయిస్తంది. నీ మొహం చూసి ఊరుకున్నా గానీ."

చచ్చిన బూజు పొగ తినదు. మరి పొగ ఎలా తగ్గింది? సాయంత్రానికి ఇంకో నాలుగు డబ్బాలు విప్పాను. అన్నిట్లోనూ అదే తెలుపు. అయిదో డబ్బా దగ్గర నా చేతులు ఆగిపోయాయి. పది రోజుల క్రితం అన్నం తింటూ నేనే ఇంట్లో చెప్పాను, చెకింగ్ దగ్గరపడిందని.

ఇంటికి వెళ్లేసరికి నాన్న వాకిట్లో కూర్చుని కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటున్నాడు.

"ఆ పన్నెండు బండ్ల పంపులు ముట్టుకున్నావా నాన్నా?"

"ముట్టుకోకుండా ఎట్టా?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు. "చెకింగ్ అన్నావు కదా. నీ పేరు పోతే నా పేరు పోయినట్టు కాదా? తలా పావు తిప్పు బిగించా. గురువారం అయిపోగానే వదిలేద్దాంలే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకుంటావా నువ్వు? సత్యహరిశ్చంద్రుడి చెల్లెలివి."

వంటింట్లోంచి మా అమ్మ సుగుణమ్మ బయటికి వచ్చింది. "పొగ తగ్గించినా తప్పేనా తల్లీ? పెంచితేనే తప్పనుకున్నా ఇన్నాళ్లూ," అంది.

నాకు ఏడుపొచ్చింది. కోపంలో వచ్చే ఏడుపు. "అది పొగ తినే బతుకుతుందమ్మా. ఈయన పొగ ఆపేశాడు. పది రోజులు తిండి లేక మాడి చచ్చిపోయింది. నాలుగేళ్లు పెంచాం దాన్ని," అన్నాను.

నాన్న చేతులు కడగడం ఆపేశాడు. ఆయన మొహంలో తప్పు చేసిన భావం కోసం వెతికాను. అది కాస్త ఆలస్యంగా వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యం. ముప్పై ఏళ్లుగా పొగ వద్దన్నవాళ్లనే చూశాడు ఆయన. పొగ లేక చచ్చేది ఒకటుంటుందని ఊహించలేదు.

"పొగ చాలక చచ్చిపోయిందా?" అన్నాడు చివరికి, నెమ్మదిగా. నేను లోపలికి వెళ్లిపోయాను.

నేనేమీ గొప్ప చెప్పుకోను. ఆ మర్నాడంతా నోరు మూసుకునే ఉన్నాను. నిజం చెబితే ట్రయల్ రద్దు. పరీక్ష బండ్ల పంపులు తిప్పిన మనిషిగా రిపోర్టులో నాన్న పేరు ఎక్కుతుంది, ఆయన మెకానిక్ లైసెన్సు పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కమిటీ సంతకం పెట్టాక కొత్త బూజు పెంచి నింపుకోవచ్చు. ఈ ఆలోచన నాకు ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని భయమేసింది. ఆవు చేను మేస్తే దూడ గట్టు మేస్తుందా అని ఊరికే అనలేదు పెద్దలు. ఇన్నేళ్లు నాన్న గడ్డం గురించి పోట్లాడిన నేనే అద్దం ముందు నిలబడి కత్తి నూరుకుంటున్నాను.

మంగళవారం పొద్దున్న ఇందుమతి మేడం గదికి వెళ్లి అంతా చెప్పేశాను. చచ్చిన బూజుని కాగితంలో కట్టి ఆమె బల్ల మీద పెట్టాను. మేడం దాన్ని చాలాసేపు చూశారు. ఆమె జుట్టు ఈ నాలుగేళ్లలోనే నెరిసింది.

"లెక్కలు పంపేశాం కదా కెజియా," అన్నారు. "వెనక్కి తీసుకుంటే మళ్లీ అవకాశం ఇస్తారని నమ్మకం లేదు. తీసుకోకపోతే..." వాక్యం పూర్తి చేయలేదు. చేసి ఉంటే నేనేమనేదాన్నో ఇప్పటికీ తెలియదు.

అప్పుడే గోడౌను తలుపు దగ్గర ఎవరో దగ్గారు. నాన్న. చర్చికి వేసుకెళ్లే తెల్లచొక్కా వేసుకున్నాడు, జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. నేను చేరిన ఈ మూడేళ్లలో ఆయన ల్యాబ్‌కి రావడం అదే మొదటిసారి.

"మేడంగారూ, పంపులు తిప్పింది నేనండి. అమ్మాయికి తెలీదు," అన్నాడు నిలబడే. "ఆ మాట ఎవరి ముందు చెప్పమన్నా చెబుతా. అది చెప్పి పోదామనే వచ్చా. కానీ నిన్నంతా ఒకటే ఆలోచన. ఆ బూజుకి ఎంత పొగ కావాలండి?"

మేడం ఆయన వైపు వింతగా చూశారు. "ఎంతంటే?"

"ఎంత పెడితే ఆకలి తీరుద్ది, ఎంత దాటితే ఊపిరాడదు అని. కావాలంటే ఎక్కువ పెడతా. తగ్గించడం నాకొచ్చినంత బాగా పెంచడమూ వచ్చు."

ఏమనుకున్నారో, మేడం ఆయన్ని టెస్ట్ ఇంజన్ దగ్గరికి తీసుకెళ్లారు. దానికి తగిలించిన డబ్బాలో బూజు ఇంకా బతికే ఉంది. ఇంజన్ స్టార్ట్ చేశాం. నాన్న స్క్రూడ్రైవర్ చెవికి ఆనించుకున్నాడు. ముందు డీజిల్ సరిగ్గా అందుతోందో లేదో స్క్రూ చూసుకున్నాడు. తరవాత పంపు బోల్టులు సడలించి, పంపునే ఒక వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు.

"ఏం చేస్తున్నారు?" అన్నారు మేడం.

"టైమింగ్ వెనక్కి లాగానండి. డీజిల్ రవ్వంత ఆలస్యంగా పడుద్ది. నల్లపొగ బాగా వచ్చిద్ది. ఎవరూ అడగరు ఇట్టా పెట్టమని, అడిగితే తంతారు కూడా."

డబ్బాలోకి వెళ్లే పొగ చిక్కగా నల్లబడింది. డబ్బా దాటి బయటికి వచ్చేది మాత్రం కంటికి ఆనలేదు. గంటసేపు అలాగే నడిపాం. మేడం చూపు ఒక్కసారిగా రెండో మీటరు మీదికి మళ్లింది. అది మసిని కొలిచేది కాదు. కంటికి కనపడని నైట్రోజన్ విషవాయువుల్ని కొలిచేది. ముల్లు సగానికి పడిపోయి ఉంది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

డీజిల్‌తో పనిచేసేవాళ్లందరికీ ఇక్కడే తంటా. మసి తగ్గాలంటే ఇంజన్ మంట వేడి పెరగాలి, పెరిగితే ఆ విషవాయువు ఎక్కువవుతుంది. మంట చల్లబరిస్తే వాయువు తగ్గుతుంది, మసి పెరుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మేము మసి ఒక్కటే చూసుకుంటూ, ఆ విషవాయువు సంగతి తరవాత చూసుకుందాంలే అనుకున్నాం. ఇప్పుడు మసి తినడానికి ఒక ప్రాణి ఉంది కాబట్టి, మంటని ధైర్యంగా చల్లబరచొచ్చు.

"ఇది మీకు ముందే తెలుసా?" అని అడిగారు మేడం.

"మీటర్లు తెలీవండి. టైమింగ్ ముందుకి తోస్తే పొగ కనపడదు గానీ కళ్లు మండుతాయి, గొంతు పట్టుకుపోద్ది. వెనక్కి లాగితే నల్లగా వస్తది గానీ ఆ ఘాటు ఉండదు. ముప్పై ఏళ్లు మా షెడ్డులో పీల్చింది అదేగా," అని కాసేపు దగ్గాడు. "ఇంకోటుంది మేడంగారూ, దాచకూడదు. ఇట్టా పెడితే నూరు కిలోమీటర్లకి రెండు లీటర్లు ఎక్కువ తాగుద్ది బండి. అదీ రాయండి మీ కాగితంలో."

మేడం రాశారు. మసి తగ్గుదల, వాయువు తగ్గుదల, దాని పక్కనే అదనంగా కాలే డీజిల్, దాన్నుంచి గాలిలోకి పోయే బొగ్గుపులుసు వాయువు, అన్నీ రాశారు. ఆ రాత అయ్యాక కమిటీకి ఫోన్ చేసి, పంపిన లెక్కలు తప్పని, వెనక్కి తీసుకుంటున్నామని చెప్పారు.

అయినా గురువారం కమిటీ వచ్చింది. చెప్పుకునేదేదో వాళ్ల ముందే చెప్పుకోమంది. అధ్యక్షుడు సుదర్శనం గారు ఒకప్పుడు ప్రొఫెసరు. కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం తప్ప మొహంలో మరో కదలిక లేని మనిషి. నాన్న ఆయన ముందు నిలబడి, ఎన్ని బండ్లు, ఏ రోజు, ఎంత తిప్పు, అన్నీ వరసగా చెప్పాడు.

"ఇలా చేయడం ఇదే మొదటిసారా?" అని అడిగారు సుదర్శనం గారు.

"కాదండి. ముప్పై ఏళ్ల నుంచి చేస్తున్నా," అన్నాడు నాన్న. ఈ ప్రశ్నకి అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఒక్క క్షణం నేనే అనుకున్నాను.

తీర్పు వారం తరవాత వచ్చింది. పాత లెక్కలన్నీ రద్దు. నాన్న లైసెన్సు ఏడాది పాటు నిలిపివేత. డబ్బాకి మళ్లీ తొంభై రోజుల ట్రయల్, ఈసారి మూడు లారీలతో, కమిటీ మనిషి సమక్షంలో. తుక్కు గడువు ఆ ట్రయల్ తేలేదాకా వాయిదా. ఒక షరతు కూడా ఉంది. దేవదానం అనే వ్యక్తి ఆ లారీల్ని ముట్టుకోకూడదు, సెట్టింగు సమయంలో మాట్లాడకూడదు, సైగ చేయకూడదు.

బూజు ఆకలి మాత్రం ఏ రెండు బండ్లకీ ఒకటి కాదు. పాత ఇంజన్లు ఒక్కోటి ఒక్కోలా అరిగి ఉంటాయి. మీటర్ల లెక్కతో మేము పెట్టిన సెట్టింగు గోడౌనులో బాగానే ఉండేది, రోడ్డు మీద లోడు పడగానే బూజు నల్లబడేది. తీర్పు రాకముందు నాన్న చెవితో పెట్టి చూసినవే నిలిచాయి. కాబట్టి ఎవరో ఒకరు ఆ చెవి నేర్చుకోవాలి. నాన్న నాకు నేర్పాడు.

పని లేని షెడ్డులో, ట్రయల్‌తో సంబంధం లేని ఒక పాత ఇంజన్ మీద నెలరోజులు నేర్పాడు. నేను అంత మొద్దునని ఆయన ఎప్పుడూ అనుకోలేదట. "వినవే, లెక్కపెట్టకు," అని వెయ్యిసార్లు అనుంటాడు. ఇంజనీరింగు చదివిన నాకు స్క్రూడ్రైవర్ పిడిలో మొదట వినపడింది ఉత్త రొద. మూడో వారంలో ఒక పొద్దున ఆ రొదలోంచి ఒక సిలిండర్ చప్పుడు విడిపోయి వినపడింది. మిగతావాటి కంటే కొంచెం గరుకుగా ఉంది. "మూడోది," అన్నాను. నాన్న వెళ్లి రెండు టీలు తెచ్చాడు.

ట్రయల్ మొదలైన రోజు కరీముల్లా లారీ షెడ్డు మధ్యలో నిలబెట్టారు. చుట్టూ తాడు కట్టారు. లోపల నేనూ, మేడం, పుస్తకం పట్టుకుని కమిటీ మనిషీ. నాన్న తాడుకి అవతల, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఇంజన్ స్టార్ట్ అయింది. నేను పంపుని వెనక్కి తిప్పాను, విన్నాను, ఇంకాస్త తిప్పాను. చాలా, ఇంకా కావాలా? అలవాటుగా తలెత్తి నాన్న వైపు చూశాను.

ఆయన మొహం తిప్పేసుకున్నాడు. తిప్పుకోవడమే కాదు, పూర్తిగా అటు తిరిగి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక్క కనురెప్ప ఆడిస్తే సరిపోయేది. కమిటీ మనిషి పుస్తకంలో తల దూర్చి ఉన్నాడు, చూసేవాడు కాదు. నాన్నకీ ఆ సంగతి తెలుసు. నాకు తెలిసి ఆయన జీవితంలో పాటించిన మొదటి రూలు అదే, అదీ నాకు అన్నిటికంటే అవసరమైనప్పుడు. ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఎంత గర్వమేసిందో చెప్పలేను. కళ్లు తుడుచుకుని మళ్లీ పిడి చెవికి ఆనించుకున్నాను.

వినపడింది. వెంట్రుకవాసి ముందుకి తెచ్చి బోల్టులు బిగించాను.

తొంభయ్యో రోజున కరీముల్లా లోడుతో కొండపల్లి ఎత్తు ఎక్కాడు. పైన మీటరు పెట్టి కొలిచారు. పద్దెనిమిది. మిగతా రెండు లారీలు పంతొమ్మిది, పదిహేడు. డబ్బా విప్పి చూపించాను, లోపల పీచంతా లేతాకుపచ్చగా ఉంది. కమిటీ మనిషి పుస్తకంలో రాసుకుని సంతకం పెట్టాడు, మేడం ఆ పుస్తకాన్ని ఫోటో తీసుకున్నారు. నేను షెడ్డుకి ఫోన్ చేశాను.

"ఎంతొచ్చిందమ్మాయ్?" అన్నాడు నాన్న.

"పద్దెనిమిది."

"పద్దెనిమిదేనా? నేను పెట్టినప్పుడు పది వచ్చింది కదే," అన్నాడు. ఆ గొంతులో నిజంగానే కాస్త చిన్నతనం ఉంది.

"ఇది నిజంగా వచ్చిన పద్దెనిమిది నాన్నా."

"అవునులే," అన్నాడు. అంతలో షెడ్డులో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినపడింది. రేపు చెకింగ్ ఉంది, ఒక్క పావు తిప్పు బిగించి పంపమని ఎవడో బతిమాలుతున్నాడు. నేను ఫోన్ పెట్టకుండా చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"ఇక్కడ అది చెయ్యటల్లేదు బాబూ," అంటున్నాడు నాన్న. "ఇంకొన్నాళ్లలో మా అమ్మాయి డబ్బా వచ్చిద్ది. అప్పుడు రా, నీ బండిని నిండా పొగ పెట్టి పంపుద్ది."